మంగతాయారు ఎసరు

మొదటి వారం, సోమవారం

ఈ చిట్టా రాసి పంపమని కిందివాళ్ళ ఆర్డరు. కిందివాళ్ళంటే భూమ్మీద ఆఫీసువాళ్ళు. తలెత్తి చూస్తే వాళ్ళే పైన కనిపిస్తారు, అయినా కిందివాళ్ళనే అంటాం. ముందొచ్చినవాళ్ళు పెట్టిన పేరు, ఇప్పుడు మార్చడం దేనికి? వారం వారం ఏం వండామో, ఎవరు ఎంత బరువు ఎత్తారో రాయాలట. వండేదాన్నీ నేనే, వడ్డించేదాన్నీ నేనే, భోజన ప్రణాళికాధికారినీ నేనే. పేరు మంగతాయారు, వయసు యాభై రెండు. చంద్రుడి మీద ఈ గుంటలో అరవై నలుగురం ఉంటాం. అందరికీ ఒకటే వంటిల్లు.

ఈ వారం పట్టిక ఇదీ. సోమవారం కోడిగుడ్డు పులుసు, గోంగూర. మంగళవారం వేయించిన చేప. బుధవారం క్యాబేజీ సన్నగా తురిమి తాలింపు పెట్టి, దాని మీద చేపల పులుసు. గురువారం మళ్ళీ గుడ్లు. శుక్రవారం ఏం వండినా తిడతారు కాబట్టి ఏదో ఒకటి. శనివారం బలం పిండితో అట్లు. ఆ పిండి దేంతో చేస్తారో ఎవరూ అడగరు, నేనూ చెప్పను. ఆదివారం అన్నం.

అవును, వారానికి ఒక్కపూటే. మడి గదిలో ట్రేలలో పండే వరి అంతవరకే వస్తుంది. పూర్వం భూమ్మీద ఇంట్లో బియ్యం డబ్బా నిండుగా పెట్టుకుని, నడుము సన్నబడాలని ఆరు రోజులు అన్నం మానేసి ఏడో రోజు తినేవాళ్ళు ఉండేవాళ్ళట. ఆ ఏడో రోజు పళ్ళేన్ని ఫొటో కూడా తీసుకునేవాళ్ళట! మాకు ఆ యోగం అడక్కుండానే పట్టింది.

దీనికి తోడు బరువులు. ఇక్కడ మనిషి బరువు భూమ్మీద బరువులో ఆరో వంతు. రోజూ ఏదో ఒకటి ఎత్తకపోతే ఎముకలు గుల్లబారిపోతాయని మా డాక్టరమ్మ హైమ చెబుతుంది. ఆరు రోజులు ఎత్తి ఎత్తి కండల్లో ఉన్న సత్తువ ఖాళీ చేసుకుంటే, ఏడో రోజు తిన్న అన్నం నేరుగా కండల్లోకే వెళుతుందట. ఇనుము మోసుకురాలేదు కాబట్టి బస్తాల్లో ఇక్కడి దుమ్మే నింపి ఎత్తుతాం. మా తాత ధాన్యం బస్తాలు మోసేవాడు. నేను అన్నం కోసం దుమ్ము బస్తాలు మోస్తున్నాను. వంశం బాగా వృద్ధిలోకి వచ్చింది.

మొదటి వారం, శనివారం

బరువుల గదిలో వస్తాదు గవర్రాజు అందరినీ వరసగా నిలబెట్టి కబురు చెప్పాడు. ఎముకల పరీక్ష ఆరో వారం శనివారమట. అరవై దాటినవాళ్ళు రెండు వందల నలభై కిలోల బస్తాని నడుము దాకా మూడుసార్లు ఎత్తాలి. చేతికి తెలిసే బరువు భూమ్మీది నలభై కిలోలంత; వినడానికి మాత్రం ఘనంగా ఉంటుంది. ఎత్తలేనివాళ్ళని తర్వాతి ఓడలో కిందికి పంపేస్తారు. ఎముక విరిగితే అతికించే ఆస్పత్రి ఇక్కడ లేదు కదా, అందుకని. ఎముకల్లో బలం లేదని చెప్పి ఆరు రెట్లు బరువుండే చోటికి పంపడం! ఈ రూలు రాసినవాడు ఆ పూట ఏం తిని రాశాడో.

మాలో అరవై దాటింది ఒక్కరే, పేరయ్య బాబాయి. అరవై ఏడు. వరసకి బాబాయి కాదు, పిలుపుకి బాబాయి. మడి గది ఆయనదే. పదకొండేళ్ళుగా ఈ గుంటకి అన్నం పెడుతున్నది ఆ చేతులే. నేర్చుకుంటామని ఇద్దరు వెళ్ళి, రెండు పంటల నారు కుళ్ళబెట్టి వచ్చారు. ఆయన వెళ్ళిపోతే మాకు ఆదివారం కూడా క్యాబేజీయే.

"కిందికెళ్తే ఏముందమ్మా, మంచానికి అతుక్కుపోడవే," అన్నాడు ఇవాళ, చెమట తుడుచుకుంటూ. "పదకొండేళ్ళయ్యాక ఆ బరువు నా కాళ్ళు మోత్తాయా? ఇక్కడైతే నా కాళ్ళ మీద నేను నిలబడతన్నాను. పోతే నా మడి పక్కనే పోతాను, ఆయ్."

"పోవడం మాట ఎందుకు బాబాయ్, ఎత్తడం మాట చూడండి," అన్నాను.

ఎత్తాడు. రెండు వందల నలభై అయిదు, మూడుసార్లు. మూడోది దించి గోడకి ఆనుకున్నాడు. ఆరు నెలల కిందట ఇదే మనిషి రెండు వందల ఎనభై ఎత్తాడు. నేను మాత్రం ఇవాళ రెండు వందల ముప్ఫై, పోయిన నెలకంటే పది ఎక్కువ. ఎవరూ చప్పట్లు కొట్టలేదు కాబట్టి ఇక్కడ రాసుకుంటున్నాను.

రెండో వారం, ఆదివారం

అన్నం రోజు. పొద్దున్నించే అందరి మొహాల్లో పెళ్ళికళ. శుక్రవారం చెంచా కోసం కొట్టుకున్నవాళ్ళు ఇవాళ 'మీరు ముందు, మీరు ముందు' అనుకుంటూ పంక్తిలో కూర్చున్నారు.

మనిషికి నాలుగు వందల గ్రాముల అన్నం, డాక్టరమ్మ లెక్క అది. బకెట్లతో వడ్డిస్తాను. పప్పుతో కొంత, కూరతో కొంత, పులుసుతో కొంత. పులుసు దగ్గరికి వచ్చేసరికి పళ్ళేలు ఖాళీ. అప్పుడు పెరుగు గిన్నె వస్తుంది. అప్పుడు అరవైమందీ తలెత్తి నా మొహం చూస్తారు! కడుపు నిండిందా అంటే నిండిందంటారు. మరి లేవండి అంటే లేవరు. పెరుగన్నం తినకుండా చెయ్యి కడుక్కోవడం మావాళ్ళ వల్ల కాదు. చంద్రుడి దాకా వచ్చారు గానీ, ఆ ఒక్క ముద్ద దాటి రాలేకపోయారు.

"ఒక్క ముద్ద అక్కా, పిడికెడు," అంటాడు గవర్రాజు. వంద కిలోల మనిషి, గొంతు మాత్రం అంగన్‌వాడీ పిల్లాడిది.

లెక్కలో లేదు. అయినా పంక్తిలో కూర్చున్నవాడు అడిగితే లేదని ఎలా అంటాం? తలా చిటికెడు గుండిగలోంచి తెచ్చి పెడతాను. న్యాయంగా చూస్తే ఆ పెట్టేది నా వాటా. అయినా అందరూ లేచాక నేను వెళ్ళి గుండిగ మూత తీస్తే, అయిదు నెలలుగా ప్రతి ఆదివారం, సరిగ్గా ఒక పళ్ళేనికి సరిపడా అన్నం ఉంటుంది!

ఇందులో మాయ ఏమీ లేదు, నా ఎసరు. ఇక్కడ గాలి ఒత్తిడి తక్కువగా పెడతారు, నీళ్ళు తొందరగా మరిగిపోతాయి. అందుకని నేను ఒక గ్లాసు నీళ్ళు ఎక్కువ పోసి, ఉడికాక తడిగుడ్డ కప్పి పావుగంట కదపకుండా ఉంచుతాను. మెతుకు ఒళ్ళు చేస్తుంది. అన్నం పెరుగుతుంది. ఈ పద్ధతి వివరంగా రాసి కిందివాళ్ళకి పంపాను. చదువుకున్నవాళ్ళు, గ్రహిస్తారు.

పేరయ్య బాబాయి మాత్రం పంక్తిలో కూర్చోడు. పళ్ళెం పట్టుకుని మడి గదికి వెళ్ళిపోతాడు. పండిన చోట తింటేనే రుచి అంటాడు. పెద్దాయన చాదస్తం.

మూడో వారం, గురువారం

కిందివాళ్ళు గ్రహించారు! ప్రశంసాపత్రం వచ్చింది. 'మంగతాయారు ఎసరు పద్ధతి' అని పేరు పెట్టి, మిగతా గుంటలకి కూడా పంపుతున్నారట. ప్రింటు తీసి వంటింటి తలుపుకి అంటించాను. గర్వం కాదు, తేమకి గోడ పాడవుతోంది, కప్పినట్టు ఉంటుందని.

పేరయ్య బాబాయి కళ్ళజోడు సర్దుకుని చివరి దాకా చదివాడు. "నీ ఎసరు గొప్పదేనమ్మా. తినేటప్పుడు నేనూ అనుకుంటానే ఉన్నాను," అని నవ్వి వెళ్ళిపోయాడు.

వెళుతుంటే చూశాను. చొక్కా భుజాల దగ్గర వేలాడుతోంది.

నాలుగో వారం, శనివారం

ఇవాళ పేరయ్య బాబాయి ఎత్తింది రెండు వందల ముప్ఫై ఆరు. అంటే పరీక్ష బస్తాకి నాలుగు తక్కువ. గవర్రాజు నన్ను పక్కకి పిలిచాడు.

"అక్కా, బాబాయికి ఏం పెడతన్నావు?"

"అందరికీ పెట్టేదే పెడుతున్నాను. నీకంటే ఒక గుడ్డు ఎక్కువే పెడుతున్నాను. ఎందుకూ?"

"ఒంట్లో పస లేదక్కా. సోమవారం, మంగళవారం అందరూ అన్నం తిన్న ఊపులో రెచ్చిపోయి ఎత్తుతారు. బాబాయి సోమవారం కూడా శుక్రవారం మొహంతోనే వత్తన్నాడు."

డాక్టరమ్మని అడిగాను. ఆమె చిట్టా చూసింది. ఆదివారం నాలుగు వందల గ్రాములు, తిన్నాడు, అని నా చేతిరాతే. "మీ ప్రణాళికలో తప్పేమీ లేదండీ, వయసే అయ్యుంటుంది," అంది. నాకు మనసు నిమ్మళించింది. తప్పు నాది కాదని తేలితే ఎంత హాయిగా ఉంటుందో!

అయినా ఊరుకోలేదు. రేపటి నుంచి ఆయన పులుసులో చేప ముక్కలు రెండు ఎక్కువ.

అయిదో వారం, శుక్రవారం

ఇవాళ నా మీద నాకే చిరాకు. బాబాయిని అందరిముందూ కేకలేశాను. క్యాబేజీ వదిలేసి లేచాడని.

"ఇది అన్నమనుకుని తినండి బాబాయ్. వచ్చే వారం పరీక్ష పెట్టుకుని ఇలా పారేస్తే ఎలా?"

"దాన్ని అన్నవనకమ్మా. అన్నానికే కాదు, క్యాబేజీకీ అవమానవే," అన్నాడు.

అందరూ నవ్వారు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. "మీకేం, నవ్వుతారు! మీరు ఓడెక్కితే మేమంతా ఏం తిని బతకాలి?" అనేశాను. ఆయన మొహం చిన్నబోయింది. తిండి పోతుందని కాదు, ఆయన పోతాడని నా భయం. ఆ మాట నోటికి రాలేదు. తిండి మాటే వచ్చింది.

ఆరో వారం, శనివారం

పరీక్ష. కొలతపెట్టె అని ఒక యంత్రం ఉంది, బస్తా నడుము దాటితే పచ్చదీపం వెలుగుతుంది. దానికి మొహమాటం లేదు.

మొదటిసారి ఎత్తాడు. రెండోసారి ఎత్తాడు, కణతల దగ్గర నరాలు తేలాయి. మూడోసారి బస్తా మోకాళ్ళ దాకా వచ్చి ఆగింది. ఆయన చేతులు వదిలేశాయి. ఇక్కడ బస్తాలు మెల్లగా పడతాయి. అది పడేదాకా చూస్తూ నిలబడాల్సి వచ్చింది.

రూలు ప్రకారం ఇంకొక్క అవకాశం ఉంది, ఎనిమిదో వారం సోమవారం. మర్నాడే ఓడ. అప్పటిదాకా కిందికి వెళ్ళేవాళ్ళని విడిగా ఉంచాలి, ప్యాకెట్ల తిండే పెట్టాలి. డాక్టరమ్మ చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది. వెళుతూ వెళుతూ, "మడికి నీళ్ళు ఎల్లుండి పెట్టండి, రేపు కాదు," అని చెప్పాడు గవర్రాజుకి.

ఆరో వారం, ఆదివారం

ఒక మనిషి తగ్గాడు కాబట్టి ఒకరి బియ్యం తగ్గించి వండాను. అదే ఎసరు, అదే గ్లాసు, అదే తడిగుడ్డ, అదే పావుగంట.

అందరూ తిన్నారు. పెరుగు దగ్గర అందరూ నా మొహం చూశారు. తలా చిటికెడు పెట్టాను. అందరూ లేచారు. నేను వెళ్ళి మూత తీశాను.

గుండిగలో మాడు తప్ప ఏమీ లేదు.

ముందు నీళ్ళు తప్పు కొలిచానేమో అనుకున్నాను. గ్లాసు చూశాను, గుడ్డ చూశాను, బియ్యం డబ్బా తూచాను. అంతా సరిగ్గానే ఉంది. గరిట పెట్టాలని తిరిగితే స్టాండులో పేరయ్య బాబాయి పళ్ళెం కనిపించింది. పొడిగా ఉంది. ఆయన ప్రతి ఆదివారం పంక్తి పెరుగు దగ్గరికి వచ్చేసరికి వంటింటి వెనక తలుపులోంచి వచ్చి ఆ పళ్ళెం పెట్టి వెళ్ళేవాడు. నేను హాల్లో ఉండేదాన్ని. గుండిగ ఇక్కడ ఉండేది.

ఆరు నెలలు! నేను తిన్నది నా ఎసరు కాదు. ఆయన అన్నం. నా కండల్లోకి ఎక్కిన ఆ పది కిలోలు ఆయన భుజాల నుంచి దిగినవే. దాన్ని నేను పద్ధతి అని రాసి, సంతకం పెట్టి పంపాను. తలుపు మీది ప్రశంసాపత్రం పీకేశాను. సగం చిరిగి సగం అక్కడే ఉండిపోయింది, జిగురు మంచిది.

ఏడో వారం, సోమవారం

తెల్లారగానే బాబాయి దగ్గరికి వెళ్ళాను. ఆయన మంచం మీద కూర్చుని ప్యాకెట్ తిండి వైపు అనుమానంగా చూస్తున్నాడు.

"గుండిగలో అన్నం మీరే పోశారా?" అన్నాను, వెళుతూనే.

"ఏ గుండిగమ్మా?"

"నాటకాలొద్దు బాబాయ్!"

ప్యాకెట్ పక్కన పెట్టాడు. తర్వాత చెప్పాడు. "అప్పుడోపాలి నీళ్ళ కోసం వంటింట్లోకొచ్చేను. అందరూ తినేసి తేనుస్తా కూకున్నారు. నువ్వేమో మాడు గోక్కుని మజ్జిగలో కలుపుకు తింటన్నావు. ఒండినామె పస్తుంటే పండించినోడికి ముద్ద దిగుద్దా అమ్మా?"

"నాకు చెప్పొచ్చుగా?"

"చెప్తే తింటావా?"

తినను. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. నాకు ఏడుపొచ్చేసింది. కోపమూ వచ్చింది, రెండూ కలిసే వచ్చాయి. "నాకు ప్రశంసాపత్రం ఇచ్చారు బాబాయ్! ఎసరు పద్ధతట! మీరు కళ్ళజోడు పెట్టుకుని చదివి మరీ పొగిడారు!"

"మరేం చెయ్యమంటావు? తలుపుకి అంటిచ్చేవు కదా, అంత సంబరంగా," అన్నాడు.

ఏడో వారం, బుధవారం

భోజనాల దగ్గర లేచి నిలబడి అందరికీ చెప్పేశాను. నా లెక్కలో పెరుగన్నం వెయ్యలేదని, ఆ తప్పు నేను నా వాటాతో కప్పిపుచ్చానని, నా వాటాని ఆయన ఒంటితో పూడ్చాడని. ఎవరూ క్యాబేజీ ముట్టలేదు. మామూలుగానే ముట్టరు, ఇవాళ కారణం వేరు.

ముందు గవర్రాజు లేచాడు. "ఈ ఆదివారం నా అన్నం బాబాయికి." తర్వాత ఒకరి తర్వాత ఒకరు అందరూ లేచారు. డాక్టరమ్మ చెయ్యెత్తి ఆపింది. "పాతిక కిలోల అన్నం పెడితే ఆయన బస్తా ఎత్తరండీ, ఆయన్నే బస్తాలా ఎత్తాల్సొస్తుంది." చివరికి ఆమే పద్ధతి చెప్పింది. శుక్రవారం దాకా తేలిక బరువులు. శనివారం ఒక పళ్ళెం, ఆదివారం ఒక పళ్ళెం. ప్యాకెట్ల రూలు సంగతి తను చూసుకుంటానంది.

ఏడో వారం, ఆదివారం

నిన్న పళ్ళెం పట్టుకెళ్ళి బాబాయి ఎదురుగా కూర్చున్నాను. ముద్ద కలిపి ఆగాడు.

"నువ్వు తిన్నావా?"

"తింటాను లెండి. మీరు కానివ్వండి."

"నువ్వు తిన్నాక తింటాను."

"బాబాయ్, సోమవారం పరీక్ష!"

"అయితే తొందరగా తెచ్చుకో."

అన్నం చల్లారిపోతోంది. మేమిద్దరం కొండల్లా కూర్చున్నాం. డాక్టరమ్మ వచ్చి చూసి, రెండో పళ్ళెం తెప్పించి నా ఒళ్ళో పెట్టింది. "ఇద్దరూ తినండి. లేకపోతే ఇద్దరికీ ప్యాకెట్లే." తిన్నాం. ఇవాళ కూడా అలాగే తిన్నాం. గుక్క తిప్పుకోకుండా పప్పు, పులుసు, చివర పెరుగు. ఆయన పెరుగన్నం తినడం ఆరు నెలల్లో అదే మొదటిసారి. పళ్ళెం చూపుడువేలితో తుడిచి మరీ తిన్నాడు. నేను తల తిప్పుకున్నాను.

ఎనిమిదో వారం, సోమవారం

మొదటిది లేచింది. రెండోది లేచింది. మూడోది మళ్ళీ మోకాళ్ళ దగ్గర ఆగింది. "బాబాయ్!" అని నేను అరిచిన అరుపుకి బయట ఎవరో గిన్నె పడేశారు. ఆగిన బస్తా వణికింది, వణుకుతూనే లేచింది. పచ్చదీపం వెలిగింది. గవర్రాజు బాహాటంగా ఏడ్చాడు.

పేరయ్య బాబాయి ఆ బస్తా మీదే చతికిలబడ్డాడు. ఊపిరి అందాక అన్నాడు, "ఇందులో ఒడ్లుంటేనా, ఆ ఆరో వారవే ఎత్తేసేవోణ్ణి. దుమ్ము కోసం అంత కట్టవెందుకులే అనిపిచ్చింది."

రేపు ఓడ ఖాళీగా వెళుతుంది.

ఎనిమిదో వారం, ఆదివారం

కొత్త పట్టిక. పప్పు దగ్గర మనిషికి ఇరవై గ్రాముల అన్నం కోత, ఆ ఇరవై పెరుగు దగ్గర. పప్పు దగ్గర గోల చేశారు, పెరుగు దగ్గర దీవించారు. వడ్డన వంతులవారీగా, ఇవాళ బకెట్ గవర్రాజు చేతిలో. నేను పంక్తిలో కూర్చున్నాను, నా పక్కన పేరయ్య బాబాయి. ఒకరి పళ్ళెం ఒకరం చూసుకుంటూ తిన్నాం. నమ్మకం లేక.

లేచాక గుండిగ మూత తీసి చూశాను. ఒక్క మెతుకు మిగల్లేదు. లెక్క సరిపోయింది.

తొమ్మిదో వారం, మంగళవారం

నా ఎసరు పద్ధతి శుద్ధ తప్పని, వెనక్కి తీసుకుంటున్నానని పోయిన వారం కిందివాళ్ళకి రాశాను. ఇవాళ జవాబు వచ్చింది. నా వినయాన్ని మెచ్చుకున్నారు. పద్ధతిని మాత్రం వెనక్కి తీసుకోనక్కర్లేదట. ఉత్తరపు గుంటలో నెల రోజులుగా అమలు చేస్తున్నారట. అక్కడ కూడా వంటావిడకి ప్రతి ఆదివారం సరిగ్గా ఒక పళ్ళెం అన్నం మిగులుతోందట.

వెంటనే జవాబు పంపాను. అక్కడ పంక్తిలో కూర్చోకుండా పళ్ళెం పట్టుకుని వెళ్ళిపోయే మనిషి ఎవరో చూడండి. పరీక్ష రాకముందే చూడండి.